ఏడాదికి ఎనిమిది నవలలు, ఒక గొడవ

పోయిన సెమిస్టర్ చివర్లో హాస్టల్ మెస్సులో జరిగిన ముచ్చటతో మొదలుపెడతాను. వచ్చే ఏడాది మన క్లబ్బులో ఏం చదువుదామని ముగ్గురం మాట్లాడుకుంటున్నాం. పక్క టేబుల్ మీద పెరుగన్నం కలుపుకుంటున్న ఒక సీనియర్ అన్న అందుకున్నాడు: "నల్లగొండ, పాలమూరు మీద నవలలేం ఉంటయిరా? ఒకరికి ఫ్లోరైడు నీళ్ళు, ఇంకొకరికి బొంబాయి బస్సు. గంతే గదా!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రూముకొచ్చి పడుకున్నాక మాత్రం నవ్వినందుకు సిగ్గేసింది.

ఎందుకంటే ఇలాంటి మాట మనవాళ్ళకు కొత్త కాదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని అప్పట్లో ఒకాయన రాస్తే, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి దానికి మాటతో జవాబు చెప్పి ఊరుకోలేదు. తన గోలకొండ పత్రిక తరఫున ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చు వేశారు. అందులో 354 మంది కవులున్నారు. అంటే "లేరు" అన్న మాటకు జవాబు ఒక లిస్టు. మనం ఇంజనీరింగ్ వాళ్ళం, లిస్టులు మనకు బాగానే వచ్చు. చదవడమే రాదు. అందుకే ఈ వ్యాసం.

ముందు నా సంగతి ఒప్పుకుంటాను. పోయిన జనవరి ఒకటో తారీఖున ఇరవై నాలుగు పుస్తకాలు చదువుతానని స్టేటస్ పెట్టాను. నెలకు రెండు. ఎక్సెల్ షీటు కూడా చేశాను, రంగులు కూడా వేశాను. మొదటి పుస్తకంగా 'వేయిపడగలు' తీసుకున్నాను. పెద్ద పుస్తకంతో మొదలుపెడితే తరవాతవన్నీ సులువైతాయని నా లాజిక్కు. వెయ్యి పేజీలకు అటూ ఇటూ ఉండే ఆ నవల ముందు ఫిబ్రవరి చివరికి నేను పడగ దించేశాను. మార్చిలో ఇంటర్నల్స్. ఏప్రిల్‌లో షీటు తెరవడానికే భయమేసింది. ఏడాది మొత్తం మీద చదివింది మూడంటే మూడు.

తప్పు పుస్తకానిది కాదు, ప్లానుది. చదవడాన్ని కూడా సిలబస్ చేసుకున్నాను. సిలబస్ అనగానే మన బుర్ర ఏం చేస్తుందో మీకు తెలుసు: చివరి రోజు దాకా ఆగుతుంది, తరవాత ఇంపార్టెంట్ క్వశ్చన్లు అడుగుతుంది. సరదాగా చదివే నవలకు ఇంపార్టెంట్ క్వశ్చన్లు ఉండవు కదా.

ఆ మూడింటిలో ఒకటి మాత్రం నన్ను వదల్లేదు. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు'. 1969లో వచ్చిన నవల. అది నాకు పుస్తకాల షాపులో దొరకలేదు. మా ఊరి దగ్గరి ఒక గ్రంథాలయంలో దొరికింది. హాలు నిండా గ్రూప్స్‌కి చదివే అన్నలు, అక్కలు. కరెంట్ అఫైర్స్ పుస్తకాల కోసం కుర్చీ దొరకదు. నవలల బీరువా దగ్గర మాత్రం ఈగ కూడా లేదు. అక్కడి సార్ బీరువా తెరిచి, పుస్తకం తీసి, వెనక అట్టకు అంటించిన తేదీల చీటీ చూసి "నీ ముందు తీస్కపోయినాయన 2003ల తీస్కపోయిండు" అన్నాడు. నేను పుట్టకముందు. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా మన ఇళ్ళు కడుతూనే ఉన్నాయి. ఆ బీరువాలో ఉన్నవి మనం డబ్బులిచ్చిన పుస్తకాలే. తీసేవాళ్ళే లేరు.

ఇక గొడవ. నాతో పాటు ఆ పుస్తకం చదివింది మా రూమ్మేట్. మాది దేవరకొండ వైపు, వాడిది నారాయణపేట వైపు. మా ముత్తాత గడీకి నీళ్ళు మోసినవాడు. వాళ్ళ ముత్తాత గడీలో ఉన్నవాడు. మూడేళ్ళు ఒకే రూములో ఉన్నాం, ఒకే బకెట్ వాడుకున్నాం. ఈ సంగతి ఎప్పుడూ మా మధ్యకు రాలేదు, రానియ్యలేదు కూడా.

నవల గురించి తెలియనివాళ్ళకు నాలుగు మాటలు. సారంగపాణి అనే సంగీతం వచ్చిన మనిషి ఆంధ్ర ప్రాంతం నుంచి ఒక తెలంగాణ పల్లెకు బతుకుతెరువు వెతుక్కుంటూ వస్తాడు. దొర ఆదరిస్తాడు. దొర బిడ్డ మంజరికి పాట నేర్పిస్తాడు. ఆ గడీలో ఉండి అతను వెట్టిని చూస్తాడు, దెబ్బల్ని చూస్తాడు, గడీలో ఆడబాపగా బతుకుతున్న వనజను చూస్తాడు. మనం అతని కళ్ళతో చూస్తాం.

చదవడం అయిపోయిన రాత్రి నేను పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. "ఇది ఆనాటి సామాజిక వాస్తవికతకు దర్పణం" లాంటి మాటలు వాడాను. రూమ్మేట్ ప్రశాంతంగా విని, "ఇది నీ మాట కాదురా, ముందుమాటల ఉన్న మాట" అన్నాడు. నిజమే. ముందుమాట ముందే చదివి, దాన్నే నా అభిప్రాయంగా ఒప్పజెప్పాను. ఆ కోపంలో నా సొంత మాట బయటికొచ్చింది: "దొరలందరు ఒక్కటే రా. మీరంతా గంతే."

వాడు లైటు తీసేసి పడుకున్నాడు. నాలుగు రోజులు మాట్లాడలేదు. బకెట్ కూడా వేరే కొనుక్కున్నాడు.

ఐదో రోజు వాడే వచ్చి కూర్చున్నాడు. ఎనభై దాటిన వాళ్ళ నాయనమ్మకు ఫోన్ చేశాడట. "నువ్వు చిన్నప్పుడు గడీల ఎవరెవరు ఉండేటోళ్ళు" అని అడిగాడట. ఆమె సంతోషంగా అన్నీ చెప్పిందట. బర్రెల పేర్లు చెప్పింది, ఎడ్ల పేర్లు చెప్పింది, బావి దగ్గరి మామిడిచెట్టుకు ఏం పేరు పెట్టుకున్నారో చెప్పింది. "నాతోటి ఆడుకునే పిల్ల ఒకతె ఉండె. నాకు జడ ఏసేది, నేను నిద్రపొయ్యేదాక ఇసనకర్ర ఇసిరేది. నా అంతదే ఉండె" అంది. పేరేంది అని వాడు అడిగితే చాలాసేపు ఆలోచించి, "యాదికొస్తలేదు బిడ్డా" అందట. కాసేపాగి "ఎట్ల మర్శిపోయిన్నో" అని ఫోన్ పెట్టేసిందట.

ఇది చెప్పి వాడు అన్న మాట: "మా గడీల బర్రెకు పేరుంది, ఆ పిల్లకు లేదు. రంగాచార్య పెట్టిండు చూడు, వనజ అని." ఆ తరవాత మేమిద్దరం చాలాసేపు ఏం మాట్లాడుకోలేదు.

తరవాత నా వంతు. "దొరలందరు ఒక్కటే" అన్న మాట నేను వెనక్కి తీసుకోలేదు, వాడు అడగలేదు. కానీ "మీరంతా గంతే" అన్న మాట తీసుకున్నాను. ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడా నాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. ఒక నవల మీద అడ్డంగా వాదించి, ఓడి నేర్చుకున్నాను. అందుకే నా వాదన ఇది: నవల ఒక్కరే చదివితే సగం చదివినట్టు. మనతో ఒప్పుకోని మనిషి అదే నవల చదివి మన ముందు కూర్చున్నప్పుడు మిగతా సగం అర్థమవుతుంది.

ఇప్పుడు "టైమెక్కడిది" అనేవాళ్ళకు లెక్క చెప్తాను. రోజుకు ఇరవై పేజీలు అనుకుందాం. ఫోన్ పక్కన పెడితే అరగంట పని. రెండు వందల పేజీల నవల పది రోజుల్లో అయిపోతుంది. నెలకొక నవల అంటే, ఇరవై రోజులు ఎగ్గొట్టినా నడుస్తుంది. ఇంతకన్నా తక్కువ అటెండెన్స్ ఏ సబ్జెక్టుకూ ఉండదు. ప్లేస్‌మెంట్స్‌కి ఏం లాభమని అడిగితే, నిజాయితీగా చెప్తాను, ఏం లాభం లేదు. క్రికెట్ ఆడితే ప్లేస్‌మెంట్ వస్తదా? సాయంత్రమైతే ఆడడం మానేస్తున్నామా?

సరే, ఈ ఏడాదికి నేనూ మా రూమ్మేటూ కూర్చుని వేసుకున్న ప్లాను ఇది. ఎనిమిది నవలలు, నాలుగు ఖాళీ నెలలు. ఖాళీలు కావాలనే పెట్టాం.

జనవరి: మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం'. మొగల్తూరు నుంచి లండన్‌కు బయల్దేరిన అమాయకుడి కథ. మొదటి భాగం 1924లో వచ్చింది. నవ్వుతూ మొదలుపెడితే చదివే అలవాటు దానంతటదే వస్తుంది. మొదటిసారి ఊరు దాటి హాస్టల్‌కొచ్చిన రోజు గుర్తున్నవాళ్ళు పార్వతీశాన్ని చూసి నవ్వుతూనే కొంచెం సర్దుకుని కూర్చుంటారు.

ఫిబ్రవరి: వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి', 1955. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఈయన 1915లో నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంలో పుట్టారు. పెద్ద చదువులు లేవు. వంటమనిషిగా, హోటల్లో సర్వర్‌గా, ప్రూఫ్ రీడర్‌గా పనిచేశారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చు వేశారు. వేసిన పుస్తకాల్ని తానే మోసుకుని తిరిగి అమ్మారు. జైలుకు పోయారు. ఆ జీవితంలోంచి వచ్చిన నవల ఇది. దిమ్మెగూడెం అనే ఊళ్ళో దొర పెత్తనం కింద జనం ఎలా నలిగారో, కంఠీరవం అనే కుర్రాడు ఆ ఊరి కోసం నిలబడే మనిషిగా ఎలా తయారయ్యాడో చెప్తుంది. తరవాతి నవల 'గంగు' పూర్తి కాకుండానే 1961లో ఆయన పోయారు. అది 1965లో వచ్చింది. నల్లగొండ మీద నవలలేం ఉన్నాయన్న సీనియర్ అన్నకు మొదటి జవాబు ఇదే. నాకొక ఫిర్యాదు కూడా ఉంది: కంఠీరవం మరీ మంచివాడు. అంత మంచివాడి పక్కన మన హాస్టల్లో ఎవరమూ ఒక వారం ఉండలేం. దీన్ని కాదనేవాళ్ళు నాకు కావాలి.

మార్చి: నవీన్ 'అంపశయ్య', 1969. ఉస్మానియా క్యాంపస్‌లో రవి అనే స్టూడెంట్ పొద్దున లేచిన దగ్గర్నుంచి పదహారు గంటల కథ. అంతా అతని తలలో నడిచే ఆలోచనలే. ఫీజు, ఆకలి, ఇల్లు, అమ్మాయిలు, పరీక్షలు, తన మీద తనకే అసహ్యం. ఇంటర్నల్స్ నెలలో చదవడానికి ఇంతకన్నా సరైన పుస్తకం లేదు. అరవై ఏళ్ళ కింద కూడా హాస్టల్ కుర్రాడి బుర్ర ఇట్లనే తిరిగిందా అనిపిస్తుంది. ఈ నవల రాసినాయన పేరు ముందు నవల పేరే ఇంటిపేరులా అతుక్కుపోయింది, అంపశయ్య నవీన్ అని.

ఏప్రిల్: ఖాళీ. దీని పేరు బ్యాక్‌లాగ్ నెల. మిగిలిపోయినవి పూర్తిచేసుకోవచ్చు. సప్లీ ఫీజు లేదు.

మే: సెలవులు, ఇంటి దగ్గర ఉంటాం కనుక 'చిల్లర దేవుళ్లు'. ఇంట్లో తాతలు, అవ్వలు ఉన్నప్పుడే ఈ నవల చదవాలి. మధ్యలో లేచి అడగడానికి మనిషి ఉండాలి. నాకు దీని మీద ఒక పేచీ ఉంది. మన ఊరి కథ చెప్పడానికి బయటి నుంచి వచ్చిన సారంగపాణి కళ్ళెందుకు? మనం మనల్ని చూసుకోలేమా? మా రూమ్మేట్ దీనికి ఒప్పుకోడు. "లోపలున్నోనికి అలవాటైపోతది, బయటోనికే కనవడతది. మా నాయనమ్మను చూసినవ్ గదా" అంటాడు. ఇంకా తేలలేదు.

జూన్: పరీక్షలు. ఖాళీ.

జులై: వేముల ఎల్లయ్య 'కక్క'. నల్లగొండ మాదిగ వాడ భాషలోనే, దళిత జీవితం గురించి రాసిన నవల. ఇది సులువుగా చదవగలిగేది కాదని ముందే చెప్తున్నాను. నల్లగొండ జిల్లాలోనే పుట్టి పెరిగిన నేను మొదటి పేజీల్లో మూడుసార్లు ఆగాను. మా అవ్వను అడిగితే కొన్ని మాటలకు అర్థం చెప్పింది, కొన్నిటికి "మా వాడల అట్లనరు" అంది. అప్పుడు తెలిసింది, ఒకే ఊళ్ళో రెండు వాడలకు రెండు తెలుగులున్నాయని. ప్రామాణిక భాష నేర్చుకోవడానికి పదేళ్ళు బడికి పోయాం, ఈ తెలుగు కోసం పది పేజీలు ఓపిక పట్టలేమా?

ఆగస్టు: డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు', 1958. ఆమె రాసిన ఒకే ఒక్క నవల. విశాఖపట్నంలో చదువుకునే, ఉద్యోగం చేసే కుర్రవాళ్ళ కథ. ఇందులో ఇందిర ఉంది. తాగుబోతు తండ్రిని పోషించుకుంటూ, తనకు కావలసింది తాను తీసుకునే అమ్మాయి. మా బ్యాచ్‌లో సగం మందికి ఆమె స్వార్థపరురాలు, సగం మందికి ఆమె ఒక్కతే నిజం మాట్లాడుతుంది. ప్రకాశం లాగా ఏ నిర్ణయమూ తీసుకోలేని అబ్బాయి గురించి మాత్రం అందరిదీ ఒకే మాట. అబ్బాయిలం కొంచెం నెమ్మదిగా ఒప్పుకున్నాం, అంతే.

సెప్టెంబరు: సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం'. 2019లో తానా నవలల పోటీలో బహుమతి వచ్చింది, తరవాత సినిమా కూడా అయింది. కరువులో గొర్రెల్ని మేత కోసం నల్లమల ఎక్కించే కథ. రాసినాయన కడప వైపు వారు. కానీ నల్లమల అంటే మన అచ్చంపేట, అమ్రాబాద్ కూడా. కరువొస్తే గొర్రెలు అడవికి పోతాయి, మనుషులు బొంబాయికి పోతారు. సినిమా చూశాం కదా అని దాటెయ్యొద్దు.

అక్టోబరు: నవల లేదు. దసరాకు ఇంటికి పోతాం. బతుకమ్మ పూల మధ్య పెద్ద పుస్తకం నడవదు. పాకాల యశోదారెడ్డి కథలు రెండో మూడో చాలు. పాలమూరు జిల్లా బిజినేపల్లిలో పుట్టిన ఆమె 'మా ఊరి ముచ్చట్లు', 'ఎచ్చమ్మ కథలు' పైకి చదివి ఇంట్లోవాళ్ళకు వినిపించండి. కళ్ళతో కన్నా చెవులతో బాగుంటాయి.

నవంబరు: మళ్ళీ పరీక్షలు. ఖాళీ.

డిసెంబరు: హైదరాబాద్ బుక్ ఫెయిర్ నెల. ఎనిమిదో నవల ఎవరిది వాళ్ళే కొనుక్కోవాలి, లేదా ఒకరికొకరు కొనిపెట్టాలి. నేను మా రూమ్మేట్‌కు, వాడు నాకు కొనాలని ఒప్పందం. పాతవి, ఎక్కడా దొరకనివి ఉంటే ఆర్కైవ్‌లో స్కాన్ కాపీలు చదవండి, తప్పు లేదు. బతికున్న రచయిత పుస్తకం మాత్రం పీడీఎఫ్ అడగొద్దు. బిర్యానీ ధరకు నవల వస్తుంది.

ఇక అభిప్రాయాలు పంచుకునే పద్ధతి. మా గొడవ నుంచి మిగిలిన నియమాలు ఐదు.

ఒకటి, ముందుమాట చివర్లో చదవాలి. లేకపోతే నాలాగా అవుతారు. రెండు, స్టార్లు లేవు. నాలుగున్నర స్టార్లు అంటే ఆ నవలకు ఏమైనట్టు? దాని బదులు మీకు నచ్చని ఒక పేజీ నంబర్ తెచ్చుకోండి, ముచ్చట అక్కణ్ణుంచి మొదలవుతుంది. మూడు, యాభై పేజీల తరవాత నచ్చకపోతే వదిలేసే హక్కు అందరికీ ఉంది. ఎందుకు వదిలేశారో మాత్రం చెప్పాలి. వదిలేసినవాళ్ళ మాటే ఒక్కోసారి పూర్తిగా చదివినవాళ్ళ మాటకన్నా పనికొస్తుంది. నాలుగు, తెలియని మాట వస్తే ఫోన్‌లో వెతకడానికి ముందు ఇంటికి ఫోన్ చెయ్యాలి. ఐదు, నవలలో పాత్రను ఎన్నైనా అనొచ్చు, ఎదురుగా కూర్చున్న మనిషిని "మీరంతా" అనొద్దు. ఇది నేను కట్టిన ఫైను.

లిస్టులో మన జిల్లాలవే ఎక్కువ పెడితే అది సంకుచితం కాదా అని ఒక చెల్లె అడిగింది. మంచి ప్రశ్నే. నేను చెప్పేదేంటంటే, మొగల్తూరు, విశాఖ, కడప కూడా లిస్టులో ఉన్నాయి. అవి ఎలాగూ చదువుతాం, ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. నకిరేకల్ పక్కన పుట్టిన నవల చదవమని మనకు మనం చెప్పుకోకపోతే ఎవరు చెప్తారు? మన ఊరి గురించి మనకు తెలిసింది ఫ్లోరైడు, బొంబాయి బస్సు అనే రెండు ముక్కలే అయితే, మెస్సులో ఆ మాట అన్న అన్నది తప్పెట్లవుతుంది?

'చిల్లర దేవుళ్లు' తిరిగిచ్చేటప్పుడు ఆ సార్ తేదీల చీటీ మీద ముద్ర వేశాడు. 2003 కింద నా తేదీ. దాని కింద మా రూమ్మేట్ తేదీ, ఎందుకంటే వాడు మళ్ళీ తీసుకున్నాడు, నాయనమ్మకు చదివి వినిపిస్తానని. ఆ చీటీ మీద ఇంకా చాలా గళ్ళు ఖాళీగా ఉన్నాయి.

పాత బకెట్టే వాడుకుంటున్నాం. కొత్తది బట్టలు నానబెట్టడానికి పనికొస్తున్నది. ఫిబ్రవరిలో 'ప్రజల మనిషి' మీద నాతో గొడవపడడానికి ఒకరు కావాలి. కంఠీరవం తరఫున ఎవరొస్తారు?